పాటకు ముందే పుచ్చుకొన్న సొమ్ము



గత మాసమున చింతపండు పురుగుపట్టకుండ నిలువచేయుటను గూర్చి నేను వ్రాసిన నాలుగు మాటలకు మీలో పెక్కుమంది జాబులు వ్రాసినారు. వానికి ప్రత్యుత్తరములు పై నెలకు వాయిదా వేయుచున్నాను, క్షమింపుడు. ఈ నెల మా యింట పుట్టిన యొక చిక్కు నా మనస్సును పూర్తిగా నాక్రమించినది. ఇది మా యింటి సంగతియే యైనను, చదువుకొని కొలువులు చేయుచున్న ఆడపిల్లలుగల ఏ యింటనైనను రేపో మాపో తలయెత్తదగినది గనుక మీ ముందుంచుచున్నాను.

నాకొక చెల్లెలు గలదు. నాకంటె ఎనిమిదేండ్లు చిన్నది. నాకు చిన్నతనమున తరచు జబ్బుచేయుచుండుటచే మా నాన్నగారు బడికి పంపక, తమ ప్రక్కనే కూర్చుండబెట్టుకొని భారతమును, మనుచరిత్రమును, కొంత ధర్మశాస్త్రమును చదివించిరి. చెల్లెలికి అట్టి యడ్డంకి లేదు. అది కాలేజీలో ఇంజనీరింగు చదివి, హైదరాబాదున నొక సాఫ్టువేరు కంపెనీలో మంచి జీతమునకు కుదిరినది. పాటయన్న దానికి ప్రాణము. శనివారము సాయంకాలము నగరమున నేమూల వీణ మ్రోగినను, నలుగురు కుఱ్ఱవాండ్రు గిటారులు పట్టి పాడినను అక్కడ నుండును.

సంక్రాంతికి వచ్చినప్పుడు అరిసెలు వత్తుచున్న నా ప్రక్కన కూర్చుండి, "అక్కా! నేనుద్యోగము మానదలచితిని" అన్నది. నూనె మూకుడులోని అరిసె మాడిపోయినది. అంతకంటె నా స్థితిని వేరుగ వర్ణింపనక్కరలేదు.

దాని సంకల్ప మిది. స్నేహితురాలొకతెతో కలిసి ఆన్‌లైనున నొక టిక్కెట్ల అంగడి పెట్టును. సినిమాకు, క్రికెట్టుకు, హాస్యగోష్ఠికి, పాటకు నన్నిటికి నిప్పుడున్న పెద్ద కొట్లలో పాట యొక మూలనున్న సరకు. దీని యంగడిలో పాట దప్ప మఱియొకటి యుండదు. నూరుగురో ఇన్నూరుగురో పట్టు చిన్నహాళ్లలో పాడువారికి, వాద్యములు వాయించువారికి మాత్రమే టిక్కెట్లమ్మును. వినువారి యభిరుచి నెఱిగి, "నీకిష్టమైన వైణికురాలు ఫలానానాడు వచ్చుచున్నది" అని ముందుగా తెలియజేయును. ఇంతవరకు నాకు ముచ్చటగనే యున్నది. పిమ్మట గొంతు తగ్గించి, "అక్కా, అమ్మ కాసులపేరు..." అని యాగినది.

మా యమ్మ పోవుచు నా చేత నుంచిన కాసులపేరు అది. "మీ రిద్దఱిదీ" అన్నది. పెద్దదానను గనుక నా పెట్టెలో నున్నది. దానిని బ్యాంకున కుదువబెట్టినయెడల తొలి పెట్టుబడి చేతికి వచ్చునని చెల్లెలి యాలోచన.

మావారు హైస్కూలున లెక్కలు చెప్పుదురు. ఆయన విని కోపింపలేదు, నవ్వలేదు. "అమ్మాయీ, నీకు ముందు ఈ వ్యాపారము చేసినవా రెవ్వరు? వారేమైరి? ఆ లెక్క చూపించు, పిమ్మట మాటాడుదము" అనిరి. "చూపించెదను బావగారూ" అని అది వెళ్లి, వరుసగా పదునైదు దినములు కాగితములు పంపినది. రాత్రులు భోజనములైన పిమ్మట మేమిద్దఱమును కూర్చుండి చదివితిమి. ఆ చదివినదానిలో కొంత మీకు చెప్పెదను.

మన యూళ్లలో పాటకు టిక్కెట్టనుమాట నిన్నమొన్నటిది. శ్రీరామనవమి పందిటను, దేవీనవరాత్రులలో గుడిమండపమునను కచేరీ జరిగిన వచ్చినవారందఱు విందురు. ఖర్చు చందాలవలననో, దాతవలననో గడచును. చెన్నపట్టణమున సభలు వెలసి, సభ్యులు చందాకట్టి వినుట యలవడినది. అక్కడి మ్యూజిక్ అకాడెమీ 1928లో స్థాపింపబడినది. సభకు చందా కట్టినవానికి సభవారి ముఖము తెలియును. కచేరీ తప్పిపోయిన మెట్లెక్కి యడుగవచ్చును. ఫోనులో టిక్కెట్టు కొన్నవానికి ఎవరి ముఖము తెలియును?

ఇది నేను ననుభవించి వ్రాయుచున్నమాట. కొన్నేండ్ల క్రిందట మా సమీప పట్టణమున నొక సినీగాయకుని పాటకచేరీ యని విని, పొరుగింటి వదినగారిని బలవంతపెట్టి, ఫోనులో చెరియొక టిక్కెట్టు తీసికొంటిమి. వెల 500 రూపాయలని చూపి, సొమ్ము చెల్లించు చివరిమెట్టున మఱి 59 రూపాయలు కలిపిరి. కచేరీనాడు కుంభవృష్టి. వాయిదా యనిరి. ఆ వాయిదా నేటికిని తీరలేదు. టిక్కెట్టు లమ్మినవారి నడిగిన, "మేము మధ్యవారము, కచేరీ పెట్టినవారి నడుగుడు" అనిరి. కచేరీ పెట్టినవారి నడిగిన, "సొమ్ము టిక్కెట్లవారివద్దనే చిక్కుకొన్నది" అనిరి. మూడుమాసములు తిరిగి విసిగి, వదినగారి 559 రూపాయలు నా పోపులడబ్బాలోనుండి యిచ్చుకొంటిని. ఆమె వలదన్నది, కాని ఆమెను రమ్మన్నది నేనుగదా.

కాబట్టి చెల్లెలి కాగితములను నేను మొదటినుండియు ఆ కంటితోనే చదివితిని.

టిక్కెట్టుపై వేయు సర్వీసుచార్జీ యంతయు అమ్మినవాని జేబులోనికి పోవునని మన మనుకొందుము. అది సగమే నిజము. ఈ వ్యాపారము మిక్కిలి పెద్దదిగా పెరిగిన యమెరికా దేశపు కథ చూడుడు. టికెట్‌మాస్టర్ అను సంస్థ 1976లో అరిజోనా రాష్ట్రమున చిన్నదిగా పుట్టినది. 1982లో దానికి ఫ్రెడ్ రోజెన్ అధిపతియై యొక క్రొత్త పద్ధతి పెట్టెను. టిక్కెట్లమ్మిపెట్టినందుకు హాలువారినుండి సొమ్ము రాబట్టుటకు మాఱుగా, కొనువారిపై చార్జీ వేసి, అందులో భాగము హాలువారికే యిచ్చుట. అందుకు ప్రతిగా హాలువారు కొన్నేండ్లవఱకు తమ టిక్కెట్లను మఱియెవ్వరిచేతను అమ్మింపమని వ్రాసియిచ్చుట. చూచితిరా తెలివి! చార్జీ హెచ్చినకొలది హాలువానికిని లాభమే. తిట్లు మాత్రము టిక్కెట్లవానికి. ఆ తిట్లను భరించుటయు వాని వ్యాపారములో నొక భాగమే.

ఇక నొక స్వతంత్రుడు వచ్చి, "నేను తక్కువ చార్జీకి అమ్మెదను" అన్న హాలువాడేల వినును? బావి మఱియొకనిదైనప్పుడు మన చేద యెంత చక్కనిదైననేమి?

పెర్ల్ జామ్ అను గాయకబృందమువారు ఈ బావిగట్టుననే కాలుజారిరి. తమ టిక్కెట్టు 18 డాలర్లు, పైచార్జీ 1 డాలరు 80 సెంట్లు మాత్రమే యుండవలెనని పట్టుపట్టి, 1994లో ప్రభుత్వ న్యాయశాఖకు ఫిర్యాదుచేసి, అమెరికా కాంగ్రెసు ఉపసంఘమునెదుట సాక్ష్యమిచ్చిరి. మఱుసటియేడు ఈటీఎం అను చిన్న స్వతంత్ర సంస్థచేత టిక్కెట్లమ్మించి దేశసంచారమునకు బయలుదేరిరి. పెద్ద హాళ్లు చాలవఱకు ఒప్పందములలో బిగిసియుండుటచే, అలవాటులేని చోట్లను వెదకుకొనవలసివచ్చెను. అంత పేరుగల పాటగాండ్రకే అట్లైనది. 1995 జూలైలో న్యాయశాఖ విచారణ చాలించెను.

చెల్లెలు తన కాదర్శమని చెప్పినది సాంగ్‌కిక్ అను సంస్థ. దాని కథ కొంత తీరికగా చెప్పవలెను.

2007లో లండను నగరమున ముగ్గురు యువజనులు దానిని స్థాపించిరి. వారిలో మిషెల్ యూ అను స్త్రీ యొకతె. వారి మొదటి పని టిక్కెట్లమ్ముట కాదు. మీరే గాయకులను విందురో చెప్పినచో, వారు మీ యూరికి వచ్చు తేది మీకు తెలియజేయుట. చిన్నపనివలె తోచును గాని, ఇది వినువారి యక్కఱనుండి పుట్టిన వ్యాపారము. మనకిష్టమైనవారు వచ్చి పాడి వెళ్లిన మఱునాడు పత్రికలో చూచి నొచ్చుకొనుట ఎవరికి తెలియదు? ఆ వార్త ననుసరించి జనులు టిక్కెట్లు కొన్నప్పుడు, అమ్మినవారు సాంగ్‌కిక్ వారికి కొంత రుసుమిచ్చువారు.

2015లో వారు క్రౌడ్‌సర్జ్ అను మఱియొక సంస్థతో కలిసిరి. ఆ క్రౌడ్‌సర్జ్ వారు బావిగట్టు తగవులోనికి పోక ప్రక్కదారి కనిపెట్టినవారు. అమెరికాలో గాయకులు తమ యభిమానులకొఱకు నూటికి ఎనిమిదినుండి పదివఱకు టిక్కెట్లు తామే యట్టిపెట్టుకొను ఆచారము గలదు. ఆ కొలదిపాటి టిక్కెట్లను గాయకుని సొంత వెబ్‌సైటునుండియే అమ్మిపెట్టుట వీరి పని. అభిమాని గాయకుని గుమ్మమునకే వచ్చి కొన్నట్లుండును. ఎవరు కొనిరో గాయకునికి తెలియును. అడెల్ అను సుప్రసిద్ధ గాయని 2016 సంచారమునకు వీరిచేత కొన్ని టిక్కెట్లమ్మించెను. టిక్కెట్లు మూటగట్టి మాఱుబేరమునకు అమ్ముకొనువారిని వీరు వెదకి వడపోసిరి. మన సినిమాహాళ్లవద్ద "బ్లాకు" టిక్కెట్లవా డొక్కడే కానవచ్చును. అక్కడ నొక మనుష్యుడు యంత్రములచేత వేలకొలది పేర్లతో క్షణములో కొనిపించును. అట్టి యంత్రములను నిషేధించుచు అమెరికావారు 2016 డిసెంబరులో చట్టమే చేసికొనిరి.

ప్రక్కదారియైనను బావిగలవారు చూచుచు నూరకుందురా? 2010లో టికెట్‌మాస్టర్, లైవ్‌నేషన్ అను కచేరీల సంస్థతో కలిసిపోయియుండెను. అనగా కచేరీలు పెట్టువారు, హాళ్లు గలవారు, టిక్కెట్లమ్మువారు నొక్క కుటుంబమైరి. తమ దారి కట్టివేయుచున్నారని సాంగ్‌కిక్ వారు 2015 డిసెంబరులో కాలిఫోర్నియా న్యాయస్థానమున దావా వేసిరి. దావా నడచుచుండగనే చేతిసొమ్ము కరగినది. 2017 జూలైలో తేదీలు తెలుపు పనిని, పేరును వార్నర్ సంగీతసంస్థ కమ్మిరి. ఆ యక్టోబరుతో టిక్కెట్లమ్ముట నిలిపివేసిరి. 2018 జనవరిలో, విచారణ మొదలుకాబోవు దినములలో, 11 కోట్ల డాలర్లకు రాజీపడిరి. మిగిలిన యంత్రసామగ్రిని ప్రతివాదియే కొనెను.

కథ అంతటితో ముగియలేదు. క్రౌడ్‌సర్జ్‌నుండి కొలువు మాఱి వచ్చిన యొక యుద్యోగి దాచితెచ్చిన సంకేతపదములతో ఆ సంస్థ కంప్యూటర్లలోనికి దొంగచాటుగా ప్రవేశించి రహస్యములు చూచినందుకు, టికెట్‌మాస్టర్ 2020 డిసెంబరులో 1 కోటి డాలర్ల జరిమానా చెల్లించుట కొప్పుకొన్నది. 2024 మే నెలలో అమెరికా ప్రభుత్వమే, పెక్కు రాష్ట్రములతో కలిసి, లైవ్‌నేషన్ గుత్తాధిపత్యముపై దావా వేసినది. సాంగ్‌కిక్ టిక్కెట్లకొట్టు మూతపడి అప్పటి కాఱేండ్లు దాటినది.

"ఇది నీ యాదర్శమా? గెలిచినది దావాలోనా, వ్యాపారములోనా?" అని ఫోనులో చెల్లెలి నడిగితిని. "అక్కా, వారికి పని చేతకాక పోలేదు. పెద్దహాళ్ల గాయకులవద్దకు పోయిరి గనుక పోయిరి. నేను పెద్దహాళ్ల జోలికి పోను. ఎవ్వరికిని వ్రాసియియ్యని చిన్నచోట్లు హైదరాబాదున నున్నవి" అన్నది. ఆ సమాధానము మావారికి నచ్చినది. నాకు నచ్చినను తృప్తి కలుగలేదు. నా మనస్సు ఆ 559 రూపాయలవద్దనే తిరుగుచుండెను.

అప్పుడు కాగితములలో నడుగున నొక కథ దొఱకినది. చెల్లెలు దాని నడుగున నేల యుంచెనో యడుగలేదు.

అమెరికాలో సియాటిల్ నగరమున 2000 సంవత్సరమున బ్రౌన్‌ పేపర్‌ టికెట్స్ అను సంస్థ వెలసినది. పేరుకు తగినట్లే అట్టహాసములేనిది. తక్కువ చార్జీ, చిన్నవారిపై నాదరము. నాటకములు, చిన్న కచేరీలు, ఊరి యుత్సవములు పెట్టుకొనువారికి అది చుట్టమువంటిది. చెల్లెలు పెట్టదలచిన యంగడికి దీనికంటె దగ్గఱి పోలిక లేదు. దానిని ఏ గుత్తాధిపతియు చంపలేదు. 2020లో కోవిడువ్యాధివలన లోకమంతట కచేరీలు నిలిచిపోయినవి. టిక్కెట్లు కొన్నవారు సొమ్ము మరల నడిగిరి. జరిగిపోయిన కార్యక్రమములవారు తమకు రావలసినది యడిగిరి. ఇచ్చుటకు సొమ్ము లేకపోయెను. ఆ సెప్టెంబరులో వాషింగ్టన్ రాష్ట్రపు అటార్నీ జనరల్ దావా వేసెను. కార్యక్రమములవారికే 67 లక్షల 50 వేల డాలర్లు బాకీయని యారోపించెను. 2021లో జరిగిన యొప్పందముచొప్పున సుమారు 45,000 మందికి సుమారు 90 లక్షల డాలర్లు తిరిగి యియ్యవలసివచ్చెను.

టిక్కెట్టుసొమ్ము వేఱుగ దాచియున్నచో అడిగిననాడు లేకపోవుటకు కారణమేమి? నేను వ్యాపారస్థురాలను గాను. నాకొక్క జవాబే తోచుచున్నది. నేడు వచ్చిన టిక్కెట్టుసొమ్ముతో నిన్నటి కచేరీవాని బాకీ తీర్చుట, ఉద్యోగుల జీతములిచ్చుట, అద్దె కట్టుట. రేపును టిక్కెట్లు అమ్ముడుపోవునన్న ధైర్యముతో నడచు బండి అది. రేపు అనునది రాని దినమున బండి యాగిపోవును.

మనుస్మృతియందు వివాదపదములు 18 చెప్పబడినవి. వానిలో మొదటిది ఋణాదానము, అప్పునుగూర్చినది. రెండవది నిక్షేపము, నమ్మి యొకనివద్ద దాచుకొన్న వస్తువునుగూర్చినది. నాన్నగారు నాకిది చెప్పునప్పుడు, "అప్పుతెచ్చిన బియ్యము వండుకొనవచ్చును, దాచుమని యిచ్చిన బియ్యము వండుకొనరాదు, అందుకే అవి రెండు పదములు" అని యన్నారు. అప్పుడు నాకు పదమూడేండ్లు. టిక్కెట్ల వ్యాపారమున సమస్తమును ఈ యొక్క విభాగమునందే యున్నదని నాకిప్పుడు స్పష్టమైనది. కొనువా డిచ్చిన 400 రూపాయలు, పాట వినబడువఱకు, వాని నిక్షేపము. అంగడివాని సొమ్ము దానిపైని చార్జీ మాత్రమే. ఫోనులో రెండును నొకే ఖాతాలోనికి నొకే మ్రోతతో వచ్చిపడును గనుక మఱపు సులభము.

ఆ చార్జీ యెంతయో మావారు లెక్కకట్టిరి. 200 మంది పట్టు హాలు నిండినదనియు, టిక్కెట్టు 400 రూపాయలనియు అనుకొందము. మొత్తము 80,000. చార్జీ నూటికి అయిదు చొప్పున 4,000. అందులో సొమ్ము చేర్చిపెట్టు సంస్థలకు నూటికి రెండు చొప్పున 1,600 పోయినదనుకొనిన మిగులు 2,400. స్నేహితురాండ్రిద్దఱును చెరి 30,000 తీసికొనవలెనన్న నెలకు నిండుహాళ్ల కచేరీలు 25 కావలెను. పన్నులు, కంప్యూటరు ఖర్చులు ఇందులో లేవు. నెలకు 25 కచేరీలు! నవరాత్రులలోనైనను అన్ని యుండవు. నిండని హాళ్ల లెక్క మావారు మొదలుపెట్టి, నా ముఖముచూచి, కాగితము మడిచిరి.

తమది కాని 80,000 ఖాతాలో మెఱయుచు, తమదైన 2,400 మూలనుండు నీ వ్యాపారమున, ఇంటియద్దెనాడు చేయి ఎటు పోవును? దుర్మార్గుల చేయి మాత్రమే కాదు. మంచివారి చేయియు పోవును. బ్రౌన్‌ పేపర్‌వారు ఇరువదియేండ్లు మంచిపేరుతో బ్రతికినవారే.

చెల్లెలు మరల వచ్చినప్పుడు ఇదంతయు చెప్పితిని. టిక్కెట్టుసొమ్మునకు బ్యాంకున వేఱుఖాతా యుండవలెను. ఆ ఖాతానుండి కచేరీ జరిగిన మఱునాడు పాడినవారికి, జరుగనిచో కొన్నవారికి తప్ప మఱియెవ్వరికిని పైసా కదలరాదు. చార్జీని చివరిమెట్టున చూపక, మొదటనే వెలలో కలిపి యొక్కటే యంకె చూపవలెను. అమెరికాలో 2025 మే నెలనుండి కచేరీ టిక్కెట్ల కట్లే చూపవలెనని నిబంధన వచ్చినది. మనము నిబంధన వచ్చువఱకు కనిపెట్టుకొని యుండనేల? రాలేనివాడు టిక్కెట్టు మఱియొకరికి ఇచ్చుకొనదలచిన, కొన్నవెలకే ఆ యంగడిలోనే మార్చవలెను. ఐర్లండువారు 2021లో పెద్ద హాళ్ల కార్యక్రమములకు కొన్నవెల మించి యమ్మరాదని చట్టముచేసిరి; ఆ విషయమును జతపఱచితిని. ఉద్యోగము వెంటనే మానక, స్నేహితురాలు పగలు పని చూచుకొనుచుండగా, నెలకు నాలుగు కచేరీలతో నొకయేడు నడపి చూడవలెను. ఇవి యన్నియు నొప్పుకొన్నచో కాసులపేరు సంగతి యాలోచింతునని ముగించితిని.

చెల్లెలు ఓపికగా విన్నది. ఖాతా సంగతి వ్రాసికొన్నది. ఉద్యోగము సంగతికి కొంత తగవాడి, సగము తలయూపినది. పిమ్మట మెల్లగా, "అక్కా, ఆ కాసులపేరులో సగము నాదేగదా?" అన్నది.

నేను మాటాడలేకపోతిని. నిక్షేపమునుగూర్చి గంటసేపు దానికి పాఠము చెప్పితిని. ఆఱేండ్లుగా నా పెట్టెలోనున్న దాని సొమ్మును, అది నోరుతెఱచి యడిగిన పిమ్మట గూడ, షరతులపై నిత్తునని చెప్పుచున్నది నేనే. మంచియుద్దేశముతోనే యట్లు చేసితిని. దానిని కాపాడవలెననియే. ఐనను సొమ్ము దానిది. మావారు కిటికీవైపు చూచుచుండిరి.

మఱునాడు మా యూరి కంసాలిని పిలిపించి, దారము త్రెంచి కాసులు లెక్కపెట్టించితిమి. నాకు కండ్లనీళ్లు వచ్చినవని దాచను. అమ్మ మెడలో చూచిన వస్తువు. కాసులు బేసిసంఖ్య వచ్చినవి. సగమును దాని కొంగులో పోసి, "వీనిని కుదువబెట్టుదువో, అమ్ముదువో, దాచుకొందువో నీ యిష్టము" అంటిని. నా సగము నా పెట్టెలోనికి పోయినది. పెట్టుబడి పెట్టుమని చెల్లెలడుగలేదు, నేనును ఇవ్వజూపలేదు. మా పిల్లవాని చదువున్నది. మిగిలిన యొక్క కాసును చెల్లెలు చేతబట్టుకొని, "దీనిని నీవు చెప్పిన వేఱుఖాతాకు శుభమని మొదటిసొమ్ముగా వేయుదునా, అక్కా?" అనగా, మావారు, "ఆ ఖాతాలో మన సొమ్ముగూడ నుండరాదు, అమ్మాయీ" అనిరి. అది అమ్మ పటము ముందున్నది.

మొదటి కచేరీ యొక వైణికురాలిది. చిన్నహాలు, 120 కుర్చీలు. మాకు టిక్కెట్లు ఊరకే పంపుదునన్నది. మావారు వినక, ఫోనులో రెండు కొనిరి. వెల 350 రూపాయలని మొదట చూపినది. చివరిమెట్టునను 350 రూపాయలే చూపినది. పొరుగింటి వదినగారిని ఈమాఱు నేను బలవంతపెట్టలేదు. ఆమెయే వచ్చి, మూడవ టిక్కెట్టు తీయుమని 350 రూపాయలు నా చేతిలో నుంచిపోయినది.

చింతపండు జాబులకు వచ్చే నెల తప్పక ప్రత్యుత్తరము వ్రాయుదును.